కొర్రల కాలంలో ఒడిబియ్యం

మా సారుకు, అంటే మా ఇంటాయనకు, భయం పట్టుకున్నది జగిత్యాలలో. ఆయన అక్కడ ఒక ఆఫీసులో పని చేస్తాడు, రోజూ కోరుట్ల నుంచి బస్సులో పోయివస్తాడు. ఒకరోజు ఆఫీసులో ఎవరో వైద్య శిబిరం పెట్టి అందరి వేళ్లూ సూదితో గుచ్చారట. మిగతావాళ్లు వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, పోయి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. మా సారుకు మాత్రం షుగర్ బార్డర్లో ఉందని చెప్పారు. ఆ బార్డర్ కాపాడటానికి ఆ సాయంత్రమే మా వంటింట్లోకి మిలిటరీ దిగింది.

ముందు చక్కెర డబ్బా పోయింది. తర్వాత మైదా, నూనె ప్యాకెట్లు పోయాయి. ఉప్పు గులాబీ రంగుకు మారింది. ఆఖరికి సన్నబియ్యం బస్తాను పనిమనిషికి ఇచ్చేశాడు. ఆమె రెండుసార్లు అడిగింది, నిజంగానే ఇస్తున్నారా, సారుకు ఒంట్లో బాగుందా అని. తెల్లగా కనిపించే ప్రతిదీ విషమే అన్నాడు. ఇంట్లో తెల్లవంటూ మిగిలినవి ఆయన బనియన్లూ ఆయన తలా.

బియ్యం పోయిన చోట కొర్రలు వచ్చి కూర్చున్నాయి. పొద్దున కొర్ర ఉప్మా, పగలు కొర్రన్నం, రాత్రి కొర్ర జావ. నేను అడ్డం చెప్పకపోలేదు. చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడన్నారు. గిల్లి కూడా చూశాను. "నిన్ను ముసలిదానివయ్యేదాకా బతికించుకుందామని నా తిప్పలు" అన్నాడు. కొర్రల మీద బతికితే తొందరగానే ముసలిదాన్నవుతానని నాకప్పటికే అర్థమైంది.

అంగడికి కూడా ఆయనే పోవడం మొదలుపెట్టాడు. పురుగు తిన్నదంటే దానికి మందు కొట్టలేదన్నట్టే కదా, కనుక పుచ్చు ఉన్న వంకాయే మంచి వంకాయ అని ఆయన లెక్క. కూరగాయలమ్మే ఆమె మొదట్లో ఆ పుచ్చువి ఏరి గంపకు అవతల పారేసేది. మా సారును చూశాక వాటినే ముందర కుప్ప పోసి, "సారు, మీ వంకాయలు" అని పిలవసాగింది. ధర మాత్రం మంచివాటికంటే ఎక్కువే. ఇంటికొచ్చాక నేను కోస్తుంటే లోపల పురుగులు కాళ్లు చాపుకుని పడుకుని ఉండేవి. అవి తినగా మిగిలింది మాకు. ఆయన పక్కన నిలబడి ఆ పురుగును చూసి, కొడుకు ఫస్టు క్లాసులో పాసైనంత సంబరపడేవాడు.

ఇంత నిష్ఠలో ఆయన రెండు చిన్న సందులు వదిలిపెట్టుకున్నాడు. ఒకటి ఆదివారం కల్లు. చెట్టు మీద నుంచి నేరుగా దిగింది, ఇంతకంటే ఆర్గానిక్ ఏముంటదని వాదన. రెండోది జగిత్యాల బస్టాండు దగ్గరి మిరపకాయ బజ్జి. దాని గురించి ఆయన ఎన్నడూ చెప్పలేదు, ఆయన అంగీ జేబు చెప్పింది. బట్టలు ఉతికేది నేనే కాబట్టి నూనె మరకకూ చెమట మరకకూ తేడా నాకు తెలుసు. అడగలేదు. మనిషన్నాక ఏదో ఒక సంతోషం ఉండాలి.

ఇంట్లో ఉన్నంతవరకు ఇదంతా మా ఇద్దరి గొడవ. సిరిసిల్లలో మా ఆడబిడ్డ కొత్తిల్లు కట్టుకుని ఇంటి పండుగ చేసినప్పుడు అది బయటపడింది. వాళ్లకు సాంచెలున్నాయి. ఏళ్ల తరబడి ఆ మగ్గాల చప్పుడులోనే పడుకుని లేచి, కూడబెట్టి కట్టుకున్న ఇల్లు. యాటను కోశారు, బగారన్నం వండారు. మా సారు సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, ఒక మూలన కూర్చుని కొర్రన్నం తిన్నాడు. వడ్డించేవాళ్లు చూసి చూసి, సారు మాల వేసుకున్నాడా అని అడిగారు. మాల కాదు, షుగర్ బార్డర్ అని చెబితే వాళ్లకేమీ అర్థం కాలేదు. మా ఆడబిడ్డ మాత్రం నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "నా తమ్మునికి ఏమన్న పెద్దరోగం వచ్చిందా? నాకు చెప్తలేరా?"

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. తోడబుట్టినది ఏడాదికోసారి పెట్టే ముద్ద తినకపోతే అది ఆరోగ్యం కాదు, ఇంకేదో. తిరుగు బస్సులో ఆ మాటే అన్నాను. ఆయన ఫోన్లో ఎవరో పెద్దమనిషి కాకరకాయ మహిమ చెబుతుంటే వింటున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మా తమ్ముడు గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చాడు. మా పుట్టినిల్లు ఇబ్రహీంపట్నం వైపు. వచ్చిన వారంలోనే ఫోన్ చేసి, "అక్కా, ఈసారి నీకు ఒడిబియ్యం పోస్త" అన్నాడు.

పెళ్లయిన ఆడపిల్లకు కొన్నేళ్లకోసారి పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఒడినిండా పోసి, చీర పెట్టి పంపుతారు. ఆ బియ్యం అత్తగారింట్లో వండి పదిమందికీ పెట్టాలి. నాకు ఇది కొత్త కాదు. కానీ ఇంతకు ముందు పోసినవన్నీ కొన్న బియ్యం. మాకు పొలం ఉండేది కాదు. మా నాయిన ఒకరింట్లో పాలేరుగా జీతమున్నాడు. మేం మక్కగట్క తిని పెరిగాం, వరన్నం పండుగకే. నన్ను కన్న మా అవ్వ ఒడిబియ్యం పోసిన ప్రతిసారీ, "ఎప్పటికన్న మన పొలం బియ్యం నీ ఒడిల పోస్త బిడ్డా" అనేది. మా తమ్ముడు గల్ఫ్‌కు పోయిందే ఆ పొలం కోసం. కొన్నాడు, వరి వేశాడు. అవ్వ ఆ పంట తిన్నది, కానీ నా ఒడిలో పోయకముందే పోయింది. ఇప్పుడు ఆ బాకీ తమ్ముడు తీరుస్తానంటున్నాడు.

సాయంత్రం మా సారుకు చెప్పాను. ఆయన సంతోషించాడు. తర్వాత ఒక నిమిషం ఆలోచించాడు. ఆలోచించాడంటేనే నాకు భయం.

"గా వరికి ఎన్ని మందులు కొడ్తరో తెల్సా నీకు? బామ్మర్దికి చెప్పి కొర్రలు పోయించుకో. ఆర్గానిక్‌వి నేనే తెచ్చిస్త. కొర్రలు ఎట్లాగూ పసుపు రంగే ఉంటయి, పసుపు కలుపుడు గూడ తప్పుతది."

"ఒడిబియ్యం అంటరు. ఒడికొర్రలు అని మీ వంశంల ఎవరన్న అన్నరా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాస్తే మా పిల్లలు చదువుతారు. చివరికి ఆయన సరే, నీ ఇష్టం అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే అనుమానించాల్సింది, నేను గెలిచానన్న సంబరంలో ఉండిపోయాను.

ఇబ్రహీంపట్నం పోయిన రోజు మా మరదలు వాకిలి అలికి ముగ్గు వేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చారు. నన్ను ముందరింట్లో తూర్పుముఖంగా పీట మీద కూర్చోబెట్టి, కాళ్లకు పసుపు రాసి, కొత్త చీర కొంగును ఒడిగా పరిచారు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు పళ్లెంలో ఉన్నాయి. బియ్యం మాత్రం కనిపించలేదు. మా తమ్ముడు లోపలికి పోయి, కత్తెరా నాలుగు ప్లాస్టిక్ ప్యాకెట్లూ పట్టుకుని బయటికి వచ్చాడు.

ప్యాకెట్ మీద పచ్చటి ఆకు. ఆకు పక్కన తలపాగా చుట్టుకున్న రైతు ఒకడు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. మా పొలంలో అట్లా నవ్వే మనిషిని నేనెన్నడూ చూడలేదు. మా తమ్ముడు ఒక మూల కత్తిరించబోతుంటే ఒడి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"గివెవ్వరి బియ్యం తమ్మీ?"

వాడు మా సారు వైపు చూశాడు. మా సారు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"బావ ఫోన్ చేసిండక్కా. నీ పానానికి మందు బియ్యం పడయంట గదా. మెట్‌పల్లికి పోయి తెచ్చిన. బావ చెప్పిన దుకాణంలనే." వాడు కత్తెర కింద పెట్టాడు. "మనయి మంచియి కావక్కా."

మనయి మంచియి కావు. ఎండలో ఎక్కడో దేశంకాని దేశంలో ఇనుపచువ్వలు మోసి కొన్న పొలం, అందులో పండిన గింజ, అది మంచిది కాదని వాడి నోటితోనే చెప్పించాడు మా సారు. ఫోన్లో కాకరకాయ గురించి చెప్పే పెద్దమనిషి ఆ వేళ ఎదురుగా ఉంటే ఆయన గతి ఏమయ్యేదో నాకు తెలియదు. పీట మీద నుంచి లేవకూడదు కాబట్టి కూర్చునే అడిగాను.

"నువ్వచ్చినకాంచి ఏం తింటున్నవు?"

"మనయే."

"పిల్లలు?"

"మనయే."

"నాకు గూడ గవే తెచ్చి పొయ్యి. మీకు పడ్డది నాకు పడదా? నేనెవ్వరి బిడ్డను?"

మరదలు ఎవరి మాట కోసమూ ఆగలేదు. లోపలి నుంచి బస్తా ఈడ్చుకొచ్చి, చాటలో బియ్యం పోసి, నూనె, పసుపు వేసి కలపడం మొదలుపెట్టింది. కలుపుతూ నెమ్మదిగా చెప్పింది. "రెండుసార్లు మందు కొట్టినం వదినా, అబద్ధమెందుకు. కొట్టకుంటే దోమపోటు గింజ గూడ మిగల్చకపోవు." నేను తలూపాను. మందు తీపిగా ఉంటుందని నేననను. మా సారు భయంలో నిజం లేదనీ అనను. కానీ ఆ భయానికి మందు కావాలంటే ఇంకెక్కడో వెతుక్కోవాలి, నా ఒడిలో కాదు.

తమ్ముడూ మరదలూ దోసిళ్లతో పోశారు. ఒడి బరువెక్కింది. నేను ఏడ్చాను, చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా ఏడ్చారు, ఒడిబియ్యం అన్నాక ఎవరో ఒకరు ఏడవాలి కదా. గడప దాటే ముందు ఆ బియ్యంలోంచి పిడికెడు తీసి, పుట్టిల్లు చల్లగా ఉండాలని లోపల వేశాను. నవ్వే రైతు ప్యాకెట్లను మా సారు సంచిలో పెట్టుకున్నాడు. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

తమ్ముడు తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు ఫోన్ చేశాడు. ఒడిబియ్యం ఎప్పుడు వండుతున్నారని అడిగాడు. శుక్రవారం అన్నాను. "బావ తింటడా అక్కా?" అని మెల్లగా అడిగాడు. నువ్వు జాగ్రత్తగా పో అన్నాను. పుట్టింటి బియ్యం ఊరంతా తిని ఇంటాయన తినకపోతే, వాడు మళ్లీ సెలవు మీద వచ్చి మా గడప ఎట్లా తొక్కుతాడు? ఆ నాలుగు రోజులూ నాకు అదే దిగులు.

శుక్రవారం పసుపన్నం వండాను. పప్పు, పచ్చిపులుసు, వడియాలు, పరమాన్నం. వాడకట్టు ముత్తైదువలు వచ్చి తిని, బియ్యం రుచి బాగుందని చెప్పి, బొట్టు పెట్టించుకుని పోయారు. సిరిసిల్ల నుంచి మా ఆడబిడ్డ కూడా వచ్చింది. మా సారు అందరికీ నీళ్లు ఇచ్చాడు, విస్తర్లు తీశాడు, ఎంతో మర్యాదగా తిరిగాడు. అందరూ అయ్యాక పోయి తన కంచంలో తన కొర్రన్నం తానే పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆడబిడ్డ చూసి తల పక్కకు తిప్పుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. మా తమ్ముడే, వాడికి అక్కడ శుక్రవారం సెలవు. వీడియోలో చిన్న గది, ఒకదాని మీద ఒకటి మంచాలు, తాడు మీద ఆరేసిన బట్టలు. వాడు కింద పేపరు పరుచుకుని తినడానికి కూర్చున్నాడు.

"వండినవా అక్కా? బావ తిన్నడా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ మా సారు వైపు తిప్పాను.

ఆయన చెయ్యి కొర్రల్లోనే ఆగిపోయింది. ఒక్క క్షణం నా వైపు, ఒక్క క్షణం ఫోన్ వైపు చూశాడు. కంచాన్ని కాలితో మెల్లగా మంచం కిందికి నెట్టాడు. గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక విస్తరిలో పసుపన్నం పెట్టుకుని, పచ్చిపులుసు పోసుకున్నాడు. "ఇప్పుడే కూసున్న బామ్మర్ది" అని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం కూడా మరిచిపోయినట్టున్నాడు, గొంతు దగ్గర ముద్ద కదలడం నాకు కనిపించింది. రెండో ముద్ద కొంచెం పెద్దది.

"ఎట్లున్నయి బావా?"

"మంచిగున్నయి" అన్నాడు. మూడో ముద్దకు తల దించుకున్నాడు. అప్పుడు మెల్లగా, "మస్తు మంచిగున్నయిరా" అన్నాడు.

"ఇంకింత పెట్టక్కా, బావ సిగ్గుపడుతున్నడు."

నేను పెట్టాను. వాడేం తింటున్నాడని మా ఆడబిడ్డ వెనక నుంచి తొంగిచూసి అడిగింది. వాడు చేతిలోది పైకెత్తి చూపించాడు, ఎండిన కుబూస్ రొట్టె. ఏ దేశం పిండో, దానికి ఏం మందులు కొట్టారో ఎవరికి తెలుసని నవ్వాడు. ఆ రొట్టెను ముక్క తుంచి చేతిలో పట్టుకున్నాడు, తినలేదు.

"మీరు తినుండ్రి బావా. నేను సూస్త."

మా సారు తిన్నాడు. విస్తరి ఖాళీ అయ్యేదాకా వాడు ఫోన్ పెట్టలేదు.