చదవకుండా నొక్కని ఆవిడ

ఆ రోజు ఉదయం నాకు ఫోన్ చేసేముందు, నేను రాసిన ఫిర్యాదు ఆవిడ చదివిందా, లేదా? ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉన్నాను. జవాబు దొరకలేదు.

పరిశోధన గ్రాంట్ల విభాగంలో ఆవిడని అందరూ పెన్సిలమ్మ అనేవాళ్లు. ఇరవయ్యో ఏట తండ్రి పోతే, ఆయన ఉద్యోగం ఇచ్చి టైపు మిషన్ ముందు కూర్చోబెట్టారట. అప్పట్నుంచి ఆ గది దాటలేదు. దరఖాస్తులు కట్టలుగా వచ్చేవి. ఒక్కొక్కటీ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, తేడా ఉన్నచోట పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, మనిషిని పిలిచేది. పెన్నెందుకు వాడరని ఓసారి అడిగాను. "తప్పు మీది కదా సార్. సరిచేసుకున్నాక దాని గుర్తు కూడా ఉండకూడదు" అంది.

ఆవిడ చెల్లెలి భర్త మా భవనంలోనే ఎలక్ట్రీషియన్. "మా వదిన కరెంటు బిల్లు కూడా పెన్సిల్ పట్టుకునే చదువుతుంది సార్. మా పెళ్లిరోజుకి నా భార్యకి కార్డు రాసిస్తే, దాని మీదా చుక్కే! తేదీ తప్పు వేశానట" అని వాపోయేవాడు.

తర్వాత కాగితం పోయి కంప్యూటర్ వచ్చింది. పోయిందని వాళ్లన్నారు గానీ, నాకైతే రెట్టింపయింది. ఫారం తెర మీద నింపాలి. నింపింది ప్రింటు తీయాలి. దాని మీద సంతకాలు పెట్టించి, స్కాన్ చేసి, మళ్లీ ఎక్కించాలి. ఎక్కిస్తే ఫైలు బరువెక్కువైందంటుంది. తగ్గించి పెడితే అక్షరాలు కనబడటం లేదంటుంది. మధ్యలో లేచి టీ తాగొచ్చేసరికి అసలు మీరెవరని అడుగుతుంది.

నా పని బావుల్లో నీటిమట్టం కొలవడం. నలభై బావులు, పన్నెండేళ్లుగా, నెలనెలా. ఆ ఏడు గ్రాంటు తెగితే కొలతల్లో ఏడాది ఖాళీ పడుతుంది. ఆ ఖాళీని తర్వాత ఎవరొచ్చినా పూడ్చలేరు. వారం రోజులు తిప్పలు పడి అన్నీ ఎక్కిస్తే, ప్రతి పేజీ పక్కనా ఆకుపచ్చ టిక్కు వచ్చింది. ఇక విభాగం వాళ్లు 'పరిశీలించాం' అన్న బటన్ నొక్కితే చాలు. ఆ నొక్కేది పెన్సిలమ్మ.

పదకొండు రోజులు గడిచాయి. మర్నాడు సాయంత్రం ఐదింటికి గడువు. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అమ్మా, నాది ఇంకా పెండింగ్ అనే చూపిస్తోంది."

"చూపించనివ్వండి సార్. దానికి చూపించడం తప్ప ఇంకేం చేతనవును?"

"నా ముందు ఇంకా ఎన్నున్నాయి?"

"తొమ్మిది. చదువుతున్నాను."

వాళ్ల విభాగానికి కొత్తగా వచ్చిన ఆఫీసరు గొంతు వెనకనుంచి వినిపించింది. "అది చదవడానికి కాదమ్మా, నొక్కడానికి! మీకంటే మా మామ్మ నయం, ఏది కనబడితే అది నొక్కేస్తుంది."

"మామ్మగారికేం సార్, కింద ఆవిడ పేరు పడదు కదా. నేను నొక్కితే 'చదివినవారు' అని నా పేరు పడుతోంది" అంది ఆవిడ.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేసి, అదే తెర మీద ఫిర్యాదుల గడిలో టకటకా కొట్టాను: 'ఒక్క బటన్ నొక్కడానికి పదకొండు రోజులు పట్టే మనిషిని ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారు?' పంపాక హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు పదిన్నరకి ఫోన్ మోగింది.

"సార్, మీ ఇరవై రెండో పేజీ తెల్లగా ఉంది."

"లేదమ్మా, ఆకుపచ్చ టిక్కుంది చూడండి."

"అది పేజీ ఉందా లేదా అనే చూస్తుంది సార్, పేజీలో ఏముందో చూడదు. బావుల వాళ్ల సంతకాలుండాల్సిన పేజీ కదా? కాగితం తిరగేసి పెట్టినట్టున్నారు."

చూశాను. నిజమే. నలభైమంది తమ బావుల్లోకి మమ్మల్ని రానిస్తామని సంతకాలు పెట్టిన కాగితం. దాని వెనకవైపు స్కాన్ చేశాను. అది లేకపోతే కమిటీ మొదటి నిమిషంలోనే పక్కన పడేస్తుంది. దిద్దుకోమని ఆవిడ దరఖాస్తుని నాకు వెనక్కి పంపింది. స్కాన్ మిషన్ మొరాయించీ మొరాయించీ, నాలుగూ నలభైకి పేజీ ఎక్కింది. నాలుగూ యాభై రెండుకి ఆవిడ నొక్కింది. ఆ పన్నెండు నిమిషాలూ మళ్లీ మొదటినుంచి చదివి ఉంటుంది.

ఫిర్యాదు ఆఫీసరొక్కడికే వెళ్తుందనుకున్నాను. విభాగం మెయిల్‌కీ ఒక ప్రతి పోతుందని తర్వాత తెలిసింది. రోజూ తొమ్మిదింటికి ఆ మెయిల్ తెరిచేది ఆవిడే. వచ్చిన ప్రతి ముక్కా చదివేదీ ఆవిడే. ఆ ఉదయం ముందు నా దరఖాస్తే తెరిచిందేమో. ఫోన్‌లో మాత్రం ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది.

రెండు నెలలకి గ్రాంటు ఉత్తర్వు వచ్చింది. ప్రింటు తీసి, చూపిద్దామని వెళ్లాను. ఆవిడ సొరుగులోవి తీసి సంచీలో సర్దుకుంటోంది. ఆఫీసరు ఎదురొచ్చాడు.

"ఇక మీకు ఆ బాధ లేదు సార్. మీరు రాసింది పైకి పంపాను, బాగా పనిచేసింది. ఈవిణ్ణి పాత రికార్డుల గదికి మార్చారు. రేపట్నుంచి ఆ బటన్ దానంతటదే నొక్కుకుంటుంది" అన్నాడు, ఆవిడకి వినబడేలాగే.

"అమ్మా..." అన్నాను.

ఆవిడ చెయ్యి చాపింది. కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది, కింద సంతకం దాకా. సంచీలోంచి పెన్సిల్ తీసి ఒకచోట చుక్క పెట్టి, తిరిగి నా చేతిలో పెట్టింది.

కళ్లజోడు వెతుక్కుని చూశాను. నలభై బావులని ఉండాల్సిన చోట నాలుగు అని పడి ఉంది.

తలెత్తేసరికి సొరుగు మూసి ఉంది. బల్ల మీద సంచీ లేదు. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు కిందికి దిగిపోతోంది.