ఓడెక్కిన ఆఖరి రీలు

స్నానాల గదిలో నున్నటి పలకలు పరిపించాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గాని, ఆ మనిషి జన్మలో స్నానం చేసి ఉండడని నా అభిప్రాయం. పోర్ట్‌బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లోని మా ఇంట్లో మావాడు పోయినేడు అలాంటివే వేయించాడు, అచ్చం చెక్కలా కనబడతాయి. నేను చెక్కే అనుకుని అడుగేశాను, కాదని అవి వెంటనే తెలియజేశాయి. కాలికి కట్టు కట్టి, స్టూలు మీద పెట్టించి, కదలకుండా కూర్చోమన్నాడు డాక్టరు. నేను రిటైరయ్యేదాకా గవర్నమెంటు ఆఫీసులో చేసింది ఆ పనే కనుక పెద్దగా ఇబ్బంది పడలేదు. మనవరాలు మాత్రం జాలిపడి, తన టాబ్లెట్ నా ఒళ్ళో పెట్టి, ఇందులో దొరకని సినిమా ఉండదు తాతా అని చెప్పి కాలేజీకి వెళ్ళిపోయింది.

అలా ఈ మధ్య వరసపెట్టి సినిమాలు చూశాను. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. మొదటి దాంట్లో హీరో ఇంటర్వెల్ లోపల ఒక చిన్న ఊరికి సరిపడా జనాన్ని చంపి, ఇంటికెళ్ళి వాళ్ళమ్మ చేత అన్నం ముద్దలు తినిపించుకున్నాడు. ఆవిడ చేతులు కడుక్కోమని కూడా అనలేదు. రెండోది చేపలు పట్టేవాళ్ళ కథ అన్నారు. అందులో కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా ఆవిడ దుప్పటి ఆరేసినట్టుగా వల విసిరాడు, దానికి చేపలు పడ్డాయి కూడాను. జన్మంతా సముద్రంలో వల విసిరిన మా నాన్న చూసి ఉంటే ఆ చేపల మీద జాలిపడేవాడు. మూడో దాంట్లో ఒక జంట పరాయి దేశంలో కాఫీ తాగుతూ, ఒక్క ఫోనుతో తేలిపోయే సంగతిని రెండున్నర గంటలపాటు చెప్పుకోలేకపోయారు. ఫోన్లు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి. దెయ్యం సినిమా ఒకటి బాగుంది. దెయ్యం ఒక్కటే అందులో బుద్ధిగా ప్రవర్తించింది.

ఆ తరవాత ఏం చూడాలో తోచక వేలితో పైకి తోసుకుంటూ పోతుంటే ఒక నలుపు తెలుపు బొమ్మ కనబడింది, దాన్ని చూడగానే నా కాలి నొప్పి సంగతి కాసేపు మరిచిపోయాను. అది మేము సగం పైన చూసి, ఆఖరి రీలు చూడకుండా వదిలేసిన సినిమా.

మన వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఆడేవన్నీ హిందీ సినిమాలే. తెలుగు సినిమా రావాలంటే వైజాగు ఓడలో, నీలం రంగు రేకు పెట్టెలో, మన తెలుగు సంఘం పెద్ద పూచీ మీద రావాలి. ఓడ రేవులో ఉన్నన్నాళ్ళే సినిమా, ఓడ కదిలితే పెట్టె కూడా దానితోపాటు వెళ్ళిపోవలసిందే. ఒక్కసారి పెట్టె ఓడ తప్పిందా, అటువైపు వాళ్ళు ఇంకెప్పుడూ మనకి సినిమా పంపరు. అందుకని ఆదివారం పొద్దున హాలు అద్దెకి తీసుకుంటే మా జాలరిపేట జంగ్లీఘాట్‌లో ఆ పూట పడవ నీళ్ళలోకి దిగేది కాదు, లోపలి పల్లెలు చౌల్దారీ, ఫెరార్గంజ్ నుంచి కూడా బస్సులెక్కి వచ్చేవాళ్ళు.

నేనప్పుడు వైజాగులో బి.ఏ. ముగించుకుని వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆ ఆదివారం సినిమాకి మా నాన్న వచ్చాడు, మా మేనత్త కూడా వచ్చింది, వాళ్ళిద్దరూ ఒక కప్పు కింద కూర్చుని అప్పటికి చాలా ఏళ్ళయింది. మా తాత పోయాక అత్తని పెంచింది నాన్నే. ఆవిడ చౌల్దారీలో వరి పండించే ఒక బెంగాలీ ఆయన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంటే, నా గడప తొక్కొద్దన్నాడు. బెంగాలీ అయినందుకు మాత్రమే కాదు, సముద్రం తెలియని వాడికి పిల్లనిస్తారా అని ఆయన బాధ. నాన్న అన్న మాట మీద నిలబడే మనిషి, దానివల్ల కాళ్ళు నొప్పి పుట్టినా సరే. కాకపోతే చౌల్దారీ బస్సులో ఇటునుంచి ఎండుచేపల మూట వెళ్ళేది, అటునుంచి గుమ్మడికాయలు వచ్చేవి, పంపిందెవరో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. మా ఇంటి తలుపు కాయగూరలకి తెరిచే ఉండేది.

సినిమా కథ కూడా ఒక అన్నాచెల్లెలిదే కావడం మా ఖర్మ. చెల్లెలు లారీ నడిపేవాణ్ణి చేసుకుంటుంది, అన్న వెళ్ళగొడతాడు, ఆఖర్న జ్వరంతో ఉన్న పసిబిడ్డని ఎత్తుకుని వానలో ఆ పిల్ల అన్న గుమ్మం ముందు నిలబడి పిలుస్తుంది. లోపల అన్న గడియ మీద చెయ్యి వేస్తాడు. హాల్లో ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కులు చీదే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అందరికన్నా ఎక్కువ ఏడుస్తున్నది మా బెంగాలీ మావయ్య, ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. నాన్న కండువా కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ గడియ మీద రీలు అయిపోయి లైట్లు వెలిగాయి.

లైట్లు వెలిగితే సినిమా కన్నా బయటి కథే బాగా కనబడింది. నాన్న ఒక వరసలో, అత్త నాలుగు వరసల వెనక, ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. అందరూ వాళ్ళనే చూస్తున్నారు. నాన్న వెనక్కి తిరిగి అత్త వైపు చూశాడు, ఏదో అనబోయాడనే నాకు అనిపించింది. ఇంకొక్క రీలు ఆడితే ఆ మాట బయటికి వచ్చేదని ఇప్పటికీ నమ్ముతాను.

ఆడలేదు. సంఘం పెద్ద పరిగెత్తుకుంటూ వచ్చి, వాయుగుండం కబురు వచ్చిందనీ, రేపు కదలాల్సిన ఓడ ఇంకో గంటలో కదులుతోందనీ, పెట్టె వెంటనే జెట్టీకి వెళ్ళాలనీ అరిచాడు.

"అరే భయ్యా, పది నిమిషాలు రుకో! ఆ తలుపు తియ్యనియ్యి!" అని వెనకనుంచి ఎవరో మొత్తుకున్నారు.

"పది నిమిషాలాగితే ఓడ ఆగుద్దేటి? ఇది ఓడ, మీ బావ సైకిలు కాదు," అన్నాడు పెద్ద.

ఆ ఒక్క రీలు ఉంచేసుకుని మిగతావి పంపేద్దామని ఒకాయన అంటే, అక్కడి జనం ఏం పాపం చేశారని ఇంకొకాయన అడిగాడు. ఈ వాదన ముగిసేలోపల మా నాన్న లేచి, నేరుగా వెళ్ళి, పెట్టె ఒక చివర పట్టుకుని, అవతలి చివరకి ఎవరైనా రండి అన్నాడు. ఓడ పనుల్లో ఆయనెప్పుడూ ముందుండేవాడు. వానలో పెట్టె ముందూ హాలంతా వెనకా జెట్టీదాకా నడిచాం, చూసినవాళ్ళకి అదేదో ఊరేగింపులా ఉండి ఉంటుంది. తిరిగి వచ్చేసరికి అత్తావాళ్ళని ఎక్కించుకుని చౌల్దారీ బస్సు వెళ్ళిపోయింది.

తరవాత చాలా ఏళ్ళు ఆ తలుపు గురించి మా వాళ్ళలో తగాదా నడిచింది. వైజాగు వెళ్ళొచ్చిన వాళ్ళని అడిగితే అక్కడ ఆ సినిమా ఎప్పుడో ఎత్తేశారనేవారు. చూశానన్నవాడు ఒక్కడు దొరికాడు గాని, వాడు ఆ సమయానికి నిద్రపోయాడట. విచిత్రమేమిటంటే, అన్న తలుపు తీసే ఉంటాడని వాదించేవాళ్ళకి నాయకుడు మా నాన్న. వలలు బాగుచేసుకునే చోట కూర్చుని, "తీకేటి సేత్తాడు? సెల్లెలు కాదేటి?" అని గట్టిగా అనేవాడు. మరి నీ సంగతేంటని ఎవరైనా అడిగితే, "అది సినిమా. ఇది జంగ్లీఘాట్," అని సూదిలోకి దారం ఎక్కించుకునేవాడు. చౌల్దారీలో మా అత్త మాత్రం తియ్యడనే చెప్పేదట.

నాన్న పోయిన రోజు అత్త వచ్చింది. ఆ రోజు తలుపు తెరిచే ఉంది, అలాంటి రోజున ఎవరికైనా తెరిచే ఉంటుంది కదా.

ఇన్నేళ్ళకి మొన్న ఆ ఆఖరి రీలు చూశాను. గడియ మీద చెయ్యి ఉండగా బొమ్మ మారిపోయి, తెల్లారి ఎక్కడో గోదాములో విలన్ కనబడ్డాడు. అన్నా, బావా కలిసి పీపాలు దొర్లించి వాణ్ణి కొట్టారు, హాస్యగాడు పిండి బస్తాలో పడ్డాడు, అందరూ వరసగా నిలబడి నవ్వారు, శుభం అని పడింది. ఆ రాత్రి తలుపు తీశాడో లేదో చెప్పే తీరిక ఆ సినిమాలో ఎవరికీ లేకపోయింది. మా జంగ్లీఘాట్ సగం వయసు ఆ గడియ దగ్గర ఖర్చయిందని ఆ సినిమా తీసినవాళ్ళకి తెలియదు పాపం.

నిన్న మా అత్త నా కాలు చూడ్డానికి చౌల్దారీ నుంచి కొడుకు కారులో వచ్చింది. ఎనభై దాటింది, చూపు బాగానే ఉంది. చూపించాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి టాబ్లెట్ ఆవిడ చేతికిచ్చి ఆ చివరి భాగమే పెట్టాను. ఇప్పుడు సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగ వచ్చి సినిమాలు ఓడ కోసం చూడటం మానేశాయి, ముగింపు ముందు చూసి, నచ్చితేనే మొదలు చూస్తానంటుంది మా మనవరాలు. మంచిదే. ఒకే చోట అందరం కలిసి ఆగిపోయే అవకాశం మాత్రం వీళ్ళకి రాదు. ఆ వానలో పెట్టె వెనకాల నడిచినవాళ్ళలో ఇంకా ఎంతమంది మిగిలారో, అడగడానికి కూడా మాటలు కలిపేవాళ్ళు తక్కువైపోయారు.

అత్త శుభం పడేదాకా కళ్ళు తిప్పకుండా చూసింది. తరవాత టాబ్లెట్ నా ఒళ్ళో బోర్లా పెట్టింది.

"సినిమావోళ్ళకి తలుపు సంగతి తెల్దురా," అంది. "మీ నాన్నకి తెల్సు. తెల్సీ తియ్యనేదు."