తమ్ముడి ఎర్ర కళ్లు

మా తమ్ముడు గంజాయి తాగాడు. లేదని నేనెప్పుడూ బుకాయించలేదు. విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి పట్టుబడ్డాడు. పోలీసులు నాన్నని పిలిపించి, వాడికి నాలుగు చీవాట్లు పెట్టి వదిలేశారు. స్టేషన్లో తల వంచుకుని నిలబడ్డ వాడి ఫొటో మాత్రం మేం ఇల్లు చేరేలోపే ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగేసింది. అది జరిగి ఆరేళ్లు. ఆ తర్వాత వాడు బీడీ కూడా ముట్టలేదు. అయినా ఊళ్లో వాడికి అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయి "గంజాయోడు" అనేదే మిగిలింది.

ఎవరి మోటారు వైరు పోయినా అందరూ మా గుమ్మం వైపే చూస్తారు. వాడు గట్టిగా నవ్వితే మత్తట, మాట్లాడకుండా కూర్చుంటే ఇంకా పెద్ద మత్తట. మా పెదనాన్న రోజూ సాయంత్రం సీసా ఖాళీ చేసి, తూలుకుంటూ వచ్చి ఊరి తగువులు తీరుస్తాడు. ఆయన్ని ఎవరైనా తాగుబోతు అన్నారా? "పెద్దాయన, కాస్త పుచ్చుకుంటాడు" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

రెండేళ్ల క్రితం తమ్ముడు ఆటో కొన్నాడు. మా ఊరి నుంచి తొమ్మిది మంది పిల్లల్ని రాజాంలో బడికి తీసుకెళ్లి, సాయంత్రం తెచ్చి దింపుతాడు. ఆ పిల్లల కోసం ఇంటింటికీ తిరిగి బతిమాలింది నేనే. వాళ్లు మానేస్తే వాడిని పిలిచి పనిచ్చేవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు.

మొన్న నూర్పుల్లో వచ్చింది తంటా. మా వరి కుప్ప మిషనుకి వేశాం. మధ్యాహ్నం దాకా తమ్ముడే పనలు అందించాడు. ఆ ధూళి, ఆ నూగు కళ్లలో పడితే రెండు రోజుల దాకా ఎరుపు దిగదు. నూర్పుల రోజుల్లో మా ఊళ్లో తెల్లటి కళ్లున్న మనిషిని ఒక్కరిని చూపించండి! సాయంత్రం వాడు పిల్లల్ని దింపుతుంటే పక్కవీధి వదిన వాడి ముఖం చూసి, తిన్నగా మా ఇంటికొచ్చేసింది.

"ఏటమ్మా, మీ తమ్ముడు మళ్లీ మొదలెట్టీసాడేటి? ఆ కళ్లు సూడు, ఎలాగున్నాయో!"

"నీ కళ్లు అద్దంలో సూసుకున్నావా వదినా? నీవీ అలాగే ఉన్నాయి."

"నాను కుప్ప నూర్సి వస్తన్నాను."

"మరి ఆడు ఏటి సేసి వస్తన్నాడు?"

వదిన రేపట్నుంచి మా పిల్లని పంపనని చెప్పి వెళ్లిపోయింది. కాసేపటికి ఇంకో నలుగురు తల్లులు ఫోన్లు చేసి అదే మాటన్నారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి కడిగేశాను. ఒక్కరూ మనసు మార్చుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఆటో తీసే ముందు తమ్ముడు వంటింట్లోకి వచ్చాడు. "అక్కా, మిగిలిన నలుగురి ఇళ్లకైనా నువ్వు సెప్పాల. నోరు వాసన సూసినాను, తాగనేదని సెప్పు" అని నా ముందు నోరు తెరిచాడు.

నోరు ముయ్యరా, నిన్ను నేను నమ్మనా అని అరవాల్సింది. ఊరందరినీ దులిపేసినదాన్ని. కానీ ముందుకు వంగి, వాసన చూశాను. పళ్లపొడి వాసన తప్ప ఏమీ లేదు.

తలెత్తేసరికి వాడు నన్నే చూస్తున్నాడు.

"సాలిందా అక్కా?" అన్నాడు.