గడ్డ ఎక్కడున్నదని అడిగిన ఆయమ్మ

మా బోయిగూడ గల్లీలో ఆయమ్మ చనిపోయిందని మొన్న మంగళవారం పొద్దున పాలకు వెళ్లినప్పుడు తెలిసింది. పాల ప్యాకెట్లు చేతిలో ఉండగానే ఆమె ఇంటికి నడిచాను.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. ఆడవాళ్ల ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసింది. చదివింది నాలుగో తరగతి. మిగతాదంతా డాక్టర్ల వెంటపడి అడిగి నేర్చుకున్నదే. "తెల్వకుంటే అడగాలె. సిగ్గుపడితే తక్లీఫ్ మనకే" అనేది.

నాలుగేళ్ల కిందట నాకు నెలసరి పదిరోజులైనా ఆగేది కాదు. మెట్లెక్కితే ఆయాసం. స్కానింగ్‌లో ఫైబ్రాయిడ్ గడ్డ అన్నారు. క్యాన్సరే అనుకుని బిక్కచచ్చిపోయాను. గర్భసంచి తీయించేస్తే పీడ పోతుందని మా అక్క పట్టుబట్టింది. నాకేమో ఇంకో బిడ్డ కావాలని ఆశ.

ఇంటికెళ్లి చెబితే, ఆయమ్మ అంతా విని, "గడ్డ ఏడున్నదట?" అంది.

"గర్భసంచిలో."

"అది ఎరుకే. గర్భసంచిల ఏడ?"

ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు.

లోపలికి వెళ్లి ఒక బేరికాయ, గుప్పెడు నానబెట్టిన శనగలు తెచ్చింది. తొడిమ కిందికి పెట్టి కాయను నిలువునా కోసి, నడుమ గింజలను తొలిచేసింది. "గర్భసంచి గిట్లుంటది. శానా మందికి గడ్డ గోడలనే పెరుగుతది" అంటూ ఒక శనగను కండలోకి గుచ్చింది. ఇంకోదాన్ని తొక్క మీద ఆనించింది. "గిది బయటికి పెరిగేది. పెద్దగైతే మూత్రం సంచిని ఒత్తుతది." మూడోది లోపలి ఖాళీ అంచున పెట్టింది. "గిది లోపలి పొర కింద. జెరంత ఉన్నా సుత నెత్తురు ఆగనియ్యదు. క్యాన్సరయ్యేది శానా తక్కువ బిడ్డా, పరేషాన్ గాకు. పోయి డాక్టరమ్మనే అడుగు."

"ఇదంతా నీకెట్ల తెలుసు ఆయమ్మా?"

కత్తిని కొంగుకు తుడుచుకుంది. "నాకు ముప్పయ్యేండ్లప్పుడే గిసొంటి గడ్డకే సంచి తీసేసిండ్రు. ఏడున్నదో వాళ్లు చెప్పలే, నేను అడగలే. ఆ తర్వాతనే దవాఖానల పనికి చేరిన."

మర్నాడు డాక్టరును అడిగాను. ఆమె స్కానింగ్ మళ్లీ చూసింది. గడ్డ లోపలి పొర కిందే ఉంది. కడుపు కోయకుండా, కింది దారిలోనే సన్నటి కెమెరా గొట్టం పంపి గడ్డను మాత్రం తీయవచ్చంది. అలాగే తీశారు. నెలసరి దారికొచ్చింది. గర్భసంచి నాకు మిగిలింది.

ఆపరేషన్‌లో తీసిన ఫోటో ఇస్తే, తెచ్చి ఆయమ్మ చేతిలో పెట్టాను. ఆమె గడప దాటి ఎండలోకి వెళ్లింది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోటోను ముక్కు దగ్గర పట్టుకుంది. గులాబీరంగు గోడ మీద తెల్లటి చిన్న ఉబ్బు. ఆటోలు హారన్ కొట్టి పక్కకు తప్పుకుపోతున్నా ఆమె కదల్లేదు.

"గిదా!" అంది, వేలితో దాన్ని మెల్లగా తడుముతూ. "గింతేనా!"