టీవీలో గీత వంగిన రోజులు

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికి చేరానో లేదో, ఎదురింటి కొత్త కోడలు మా గుమ్మంలో నిలబడి ఉంది. కొత్తగా కొన్న పెద్ద టీవీలో బొమ్మ మసకమసకగా వస్తోందట, ఆంటీకి ఇవన్నీ తెలుసని ఎవరో చెప్పారట. వెళ్ళి చూశాను. మామూలు ఛానలు పెట్టుకుని హెచ్‌డీ బొమ్మ రమ్మంటే ఎలా వస్తుంది? నంబరు మార్చాను, శుభ్రంగా వచ్చింది. అంతటితో ఊరుకోలేక, ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ ఒక్కో కన్నూ మూసుకుని, తెర అడుగున పరిగెత్తే వార్తల మీది గీత చూడమన్నాను. వాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, తిన్నగానే ఉందని అందరూ చెప్పేదాకా నేను కదల్లేదు. నా ఈడువాళ్ళయిన మీరు నవ్వరనే ధైర్యంతో, ఈ అలవాటు నాకెలా అంటుకుందో చెబుతాను.

అప్పట్లో మేమింకా ఉక్కు ప్లాంటు క్వార్టరులోనే ఉండేవాళ్ళం. మావారు షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేను నడిపేవారు. కరిగిన ఉక్కు నింపిన బకెట్టును కింద పనిచేసే మనుషుల మీదుగా ఒడుపుగా తీసుకెళ్ళి దించడం ఆయన పని. విజయనగరం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, కింద హెల్పరుగా చేరి, క్రేను నడిపే ఆ పైగదిలోకి ఎక్కడానికి సగం ఉద్యోగం గడిచిపోయింది కాబట్టి, అక్కడ కూర్చోవడమంటే ఆయనకి పెళ్ళిపీట మీద కూర్చున్నంత గర్వం.

ఆ రోజుల్లోనే, నెత్తిన ఒకటి చరిస్తే గానీ బొమ్మ నిలవని మా పాత డబ్బా టీవీని సాగనంపి, సుపేలా బజారులో హెచ్‌డీ టీవీ కొని, ఆటోలో చెరోవైపు పట్టుకుని తెచ్చాం. తీరా పెడితే మొహాలన్నీ అప్పడాల్లా సాగిపోయి, అంచులు చెరిగిపోయి కనబడ్డాయి. మావారు షాపుకెళ్ళి తగువాడితే, మెకానిక్ భయ్యా వచ్చి, మేము పాత ఎరుపు, తెలుపు, పసుపు వైర్లే తగిలించామని చూపించి, వాటి బదులు హెచ్‌డీ వైరు పెట్టి, సెట్‌టాప్ బాక్సులో సెట్టింగు మార్చి, కందగడ్డల్లా ఉన్న మొహాల ఎరుపు తగ్గించి వెళ్ళాడు. పక్క క్వార్టరులోని ఛత్తీస్‌గఢీ దీదీ వచ్చి, వార్తలు చదివే అమ్మాయి చీర అంచు జరీపోగు కూడా లెక్కపెట్టొచ్చంది. "ఏక్‌దమ్ సాఫ్ హై!" అని, బొమ్మ అద్దంలా ఉందని మెచ్చుకుంది.

మావారికి మాత్రం నచ్చలేదు. మధ్యలో పొగలా ఉందనేవారు. డ్యూటీ నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా రిమోటు పట్టుకునేవారు. వెలుతురు ఎక్కువైందని కిటికీకి దుప్పటి కట్టారు, కుర్చీ వెనక్కి జరిపారు, ముందుకు జరిపారు, డిష్షు పక్కకి తిరిగిందేమోనని డాబా ఎక్కి దిగారు. కూర్చున్న మనిషి లేచేవారు, లేచిన మనిషి మళ్ళీ కూర్చునేవారు. మీకు అగుపడ్డం లేదేటి అని నా మీదా, దీదీ మీదా విసుక్కునేవారు. ఆ ఊగులాట నాకూ అంటుకుని, వంటింట్లో ఉన్నా నా చెవి టీవీ గదిలోనే ఉండేది.

ఒక మధ్యాహ్నం, సెకండు షిఫ్టుకి వెళ్ళేముందు అన్నం తింటూ, "అదిగో, గీత మళ్ళీ వంగిపోనాది సూడు," అన్నారు. వార్తల మీద గీతట, మధ్యలో గుంతలో పడినట్టుందట. నేను చూస్తే దారం లాగి కట్టినట్టు తిన్నగా ఉంది. నాకెందుకు తోచిందో తెలియదు, తలుపు చూపించాను.

"ఆ గుమ్మం సూడండి. అదీ వంగిందేటి?"

ఆయన తల అటూ ఇటూ వంచి చూశారు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నేను చేసే పని గుర్తొచ్చి, ఒక కన్ను మూసి చూడమన్నాను. ఎడమకన్ను మూయగానే గుమ్మం కూడా వంగి కనబడిందేమో, ఆయన చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది.

చెయ్యి కడుక్కుని బూట్లు తొడుక్కుంటుంటే అడ్డం నిలబడ్డాను. ఈ పూటకి సెలవు పెట్టమన్నాను.

"సెప్తే క్రేను మీంచి దింపేత్తారే. మరి ఎక్కనివ్వరు," అని, నన్ను పక్కకి తప్పించి స్కూటరు ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. దీదీ ఇంట్లో కూర్చోలేను, మా ఇంట్లో నిలవలేను. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. ప్రార్థన చేద్దామన్నా ఎవరికోసం చేయాలో తేలలేదు, ఆయన కోసమా, ఆ బకెట్టు కింద ఉన్నవాళ్ళ కోసమా.

పొద్దు ఇంకా వాలకముందే స్కూటరు గుమ్మంలో ఆగింది. ఆయన వచ్చి నేల మీదే చతికిలబడ్డారు.

"నిచ్చెన మీద సెయ్యేసీసరికి కిందనుంచి మనోడొకడు పిలిసినాడు. అటు సూస్తే, ఆడి మొహానికి నడిమజ్జిన ఏటీ అగుపడనేదు. ఆడి నెత్తిమీంచే గదా నేను బకెట్టు తీసుకెళ్ళాలి. ఫోర్‌మేన్‌కి సెప్పీసినాను," అన్నారు.

కంటి వెనక పొరలో నీరు చేరిందనీ, నిద్ర చాలని షిఫ్టుల వల్లా, మనసులో ఆందోళన వల్లా కూడా అలా అవుతుందనీ, చాలామందికి దానంతటదే తగ్గుతుందనీ ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ చెప్పింది. కొన్ని నెలలకి తగ్గింది కూడా, చిన్న మరక ఒకటి మిగిలింది. క్రేను మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. రిటైరయ్యేదాకా సామాన్ల గదిలో, జనరల్ షిఫ్టులో గడిపారు. చాన్నాళ్ళు అన్నం దగ్గర కూడా తల పైకెత్తి ఇంటి కప్పుని చూసేవారు. నేను చూడనట్టు వడ్డించేదాన్ని.

ఇప్పుడు అదే ఊళ్ళో, రిసాలిలో సొంత ఇల్లు, గోడంత టీవీ. తెరలు ఎంత మెరుగయ్యాయో చెప్పలేను. కానీ ఒక్క టీవీ ముందు అందరం ఒరుసుకుని కూర్చున్నాం కాబట్టే కదా, ఆయనకి కనబడేది వేరనీ, మాకు కనబడేది వేరనీ ఆనాడు తేలింది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి గది వాళ్ళది. పక్క గదిలో మావారు ఏదో చూసుకుని ఒక్కరే నవ్వుతారు. ఏటండీ అని ఇక్కడినుంచి కేకేస్తే, ఏటీ లేదంటారు.