మూతపెట్టిన పదకొండు కంచాలు

ఆ ఇంట్లో రెండే కంచాలుండేవి. ఆయనకొకటి, ఆవిడకొకటి. ఎవరైనా చుట్టాలొస్తే ఆవిడ పక్కింటికి వెళ్లి కంచాలు అడిగి తెచ్చేది. వాళ్లు తిని చెయ్యి కడుక్కునే లోపల తోమేసి, తడి కూడా ఆరకుండా తిరిగి ఇచ్చేసేది.

"ఇన్నేళ్ల కాపురం, నాలుగు కంచాలు కొనుక్కోలేరా?" అని పక్కింటామె ఉండబట్టలేక ఒకసారి అడిగేసింది.

"మా ఆయన వంటవాడు కదా వదినా. ఇంట్లో కూడా కంచాలు కనబడితే డ్యూటీ అనుకుంటాడు" అని ఆవిడ నవ్వేసి తప్పించుకుంది.

అసలు సంగతి వేరు. ఇంట్లో మూడో కంచం ఉంటే ఆయన అందులో అన్నం పెట్టి మూత వేసేవాడు. ఎవరికని అడిగితే ఉలుకూ పలుకూ ఉండదు. ఆ మూత తియ్యనిచ్చేవాడు కాదు, ఆ అన్నం పారేయనిచ్చేవాడు కాదు. కాపురం నిలవాలంటే కంచాలే పోవాలని ఆవిడ తేల్చుకుంది. మిగిలిన కంచాలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేసింది.

పని చేసే చోటా అంతే. ఊళ్లో పెద్ద అచ్చాఫీసు ఉంది. అక్కడి క్యాంటీన్లో ఆయన అరవై మందికి వండుతాడు. పనివాళ్లు ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకుని వరసలో నిలబడతారు, ఆయన గరిటెతో వేస్తాడు. డబ్బాలు ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు, ఆయన ముందు ఏదీ మిగలదు. అందుకే ఆ ఉద్యోగం ఆయనకు నచ్చింది. ఒక హోటలాయన రెట్టింపు జీతమిస్తానని కబురు పెడితే "కంచాలు పేర్చే చోటికి నేను రాను" అన్నాడు. అందరూ పొగరనుకున్నారు. వంటవాడికి ఆ మాత్రం పొగరు ఉప్పులాంటిది, లేకపోతే కూర చప్పగా ఉంటుందని అచ్చాఫీసు మేనేజరు సర్దుకున్నాడు.

పంతొమ్మిదేళ్ల కిందటి వరకు ఆయన సైన్యంలో వంటవాడు. మేనమామ దగ్గర వంట నేర్చుకుని, ఇరవై రెండేళ్లకే చేరాడు. తుపాకీ కన్నా గరిటె పట్టిందే ఎక్కువ. అయినా యూనిఫాం యూనిఫామే. సెలవుకొస్తే వీధిలో ఛాతీ విరుచుకునే నడిచేవాడు.

ఆఖరి పోస్టింగు ఒక కొండ మీద. ముప్ఫైనలుగురు మనుషులు, ఒక మెస్సు, ఒక స్టోరు. మెస్సు గుమ్మం పక్కన గోడకి ఒక చెక్క ఉండేది. దాని మీద రెండు వైపులా మేకులు. ఒక్కొక్కడికి నంబరున్న రేకు బిళ్ల ఒకటి. పహారాకు బయటికి వెళ్లేవాడు తన బిళ్లను ఎడమ మేకుకు తగిలిస్తాడు, తిరిగొచ్చాక తీసి కుడి మేకుకు మారుస్తాడు. వంటవాడు పొద్దున్నే చెక్క చూసుకుని బియ్యం కొలుస్తాడు. ఎడమ వైపు ఎన్ని బిళ్లలుంటే అన్ని కంచాలు వడ్డించి, మూతపెట్టి ఉంచాలి. ఆ మెస్సులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవడి బిళ్ల వాడే మార్చుకోవాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు. బిళ్ల మారేదాకా వాడి కంచం తియ్యకూడదు. కొండ మీద మనిషికి తన వంతు అన్నం ఉందన్న ధీమా ఒక్కటే ధైర్యం. అందుకని ఎవరో పాతకాలపు వంటవాడు పెట్టిన కట్టుబాటట అది.

ఆ రోజు తెల్లవారేసరికి వాన. స్టోరు నుంచి వచ్చిన కట్టెలు తడిగా ఉన్నాయి. ఊది ఊది కళ్లు మండాయి గానీ అన్నం ఉడకలేదు. పదకొండు మంది బూట్లు వేసుకుని మెస్సు ముందు నిలబడ్డారు. అందులో తొమ్మిదో నంబరువాడు మంచి తిండిపుష్టి గలవాడు. ఏది పెట్టినా ఇంకో గరిటె కోసం కంచం చాపేవాడు కాబట్టి అందరూ అతన్ని 'రెండో గరిటె' అని పిలిచేవాళ్లు.

"ఏం బావా, ఇవాళ మొదటి గరిటెకే గతి లేదా?" అన్నాడతను. వరసేమీ లేదు, వంటవాళ్లందరినీ బావా అనేవాడు.

"వెళ్లి రండి. వచ్చేసరికి వేడివేడిగా మూతపెట్టి ఉంచుతాను" అన్నాడు ఈయన.

పదకొండు బిళ్లలు ఎడమ వైపుకు మారాయి. మధ్యాహ్నానికి కొండ కింద వాళ్ల బండి పేలిపోయిందని కబురొచ్చింది. ఒక్కడూ మిగల్లేదు.

ఆఫీసరు పైకి కాగితాలు రాశాడు, పట్టికలో పేర్లు కొట్టేశాడు. గోడ మీది చెక్క సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, గుర్తొచ్చినవాడికి చెయ్యి రాలేదు. మర్నాడు పొద్దున వంటాయన చెక్క చూశాడు. ఎడమ వైపు పదకొండు. పదకొండు కంచాలు వడ్డించి మూతలు పెట్టాడు. తోటివాళ్లు చూశారు. మొదటి రోజు కొందరు కళ్లు తుడుచుకున్నారు. పదో రోజుకి అటువైపు చూడటం మానేశారు. రోజూ సాయంత్రం ఆయన ఆ అన్నం మెస్సు వెనకాల గుంటలో పూడ్చి, కంచాలు కడిగి, పొద్దున మళ్లీ వడ్డించేవాడు. పోయారని ఆయనకు తెలుసు. తెలియడం వేరు, కంచం తీసెయ్యడం వేరు. బిళ్ల మారలేదు కదా.

అలా ముప్ఫైఏడు రోజులు గడిచాయి. ముప్ఫైఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండింటికి కునుకు తీసి లేచేసరికి తొమ్మిదో నంబరు కంచం మీద మూత పక్కకు జరిగి ఉంది. ఎత్తి చూస్తే ఖాళీ. వేళ్లతో ఊడ్చుకుని తిన్న గుర్తులు కూడా ఉన్నాయి. ఆయనకు భయం వేయలేదు. ఆయన జీవితంలో అంత సంతోషపడ్డ రోజు, నిజం చెప్పాలంటే, పెళ్లిరోజు కూడా కాదు. మర్నాడు ఆ కంచంలో రెండు గరిటెలు పెట్టాడు. అదీ ఖాళీ అయింది. మూడో రోజూ అయింది.

నాలుగో రోజు ఆఫీసరు పిలిచాడు. మెస్సుకు పోతున్న బియ్యానికీ ఉన్న మనుషులకూ పొంతన లేదని స్టోరు లెక్కలు చూసే గుమాస్తా, అందరూ స్టోరు బాబు అనేవాడు, రాసిచ్చాడట. ఎవరు తిన్నారని ఆఫీసరు అడిగాడు. ఆయన దగ్గర ఒక్కటే జవాబు ఉంది, అది చెప్పలేడు. చెబితే నవ్వుతారు. నవ్వినా పరవాలేదు, కానీ చెక్క తీసేస్తారు. అందుకని "అమ్ముకున్నానండి" అన్నాడు. సంతకం పెట్టమన్న చోట పెట్టాడు. కోపంలో ఒక సిపాయి చెయ్యి చేసుకుంటే తిరిగి కొట్టాడు కూడా. దుష్ప్రవర్తన అని కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపించారు. అంతా వారం తిరక్కుండా అయిపోయింది.

వీధికి కాగితం చూపించకపోయినా వీధి చదివేసింది. నోట్లో నువ్వుగింజ నానని బంధువొకడు ఉంటే చాలదూ. బియ్యం దొంగ అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. "దొంగ సొమ్ము ఉంటే నా చీరలిలా ఉంటాయా?" అని ఆవిడ ఒకరిద్దరితో పోట్లాడింది, తర్వాత అలిసిపోయి ఊరుకుంది. ఆయన మాత్రం ఆ మాటకి ఎప్పుడూ తల దించుకోలేదు, ఎదురు చెప్పలేదు. సెలవు రోజున మధ్యాహ్నం రెండయ్యేసరికి నిద్రలోంచి లేచి వంటింట్లోకి వెళ్లేవాడు. గిన్నెల మీది మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూసి, మళ్లీ వచ్చి పడుకునేవాడు. ఎందుకో ఆవిడకు చెప్పలేదు. ఒకే మంచం మీద పంతొమ్మిదేళ్లు పడుకున్న మనిషికి చెప్పలేదు.

పోయినేడు క్యాంటీన్లో మరుగుతున్న గిన్నె మూత ఉత్త చేత్తో ఎత్తి, ఆవిరికి మోచేయి దాకా కాల్చుకున్నాడు. రెండు గంటలప్పుడే. కట్టుకట్టిన డాక్టరు ఆవిణ్ణి పక్కకు పిలిచి, ఇది చేతి జబ్బు కాదు, మనసుది, మాజీ సైనికుల ఆసుపత్రిలో దీనికి వేరే విభాగం ఉంది, తీసుకెళ్లండి అన్నాడు. తీసుకెళ్తే గేటు దగ్గరి గుమాస్తా కాగితం చూసి వెనక్కిచ్చాడు. "దుష్ప్రవర్తన ఉన్నవాళ్లకి లేదమ్మా. ఇది మార్పించుకుని రండి" అన్నాడు. మార్పించుకోవడమంటే జాకెట్టు కుట్టు మార్పించుకోవడం కాదు కదా. ఆవిడ కాళ్లరిగేలా తిరిగి ఒక వకీలమ్మను పట్టుకుంది. వయసులో చిన్నదే గానీ ఫైలు పట్టుకుంటే వదలని మనిషి. పాత మెస్సువాళ్లకి ఉత్తరాలు రాసి ఆ పదకొండు కంచాల సంగతి రాబట్టింది.

"బాబాయ్ గారూ, అప్పుడు మీ ఆరోగ్యం బాగాలేదని చెప్పాలి. ఆ కంచాలు ఎవరికోసమూ కాదు, నాకు తెలివి లేక పెట్టాను అని చెప్పండి చాలు" అంది ఆమె.

"ఎవరికోసమూ కాకపోతే ఎందుకు వండుతానమ్మా?"

"అదే జబ్బు, బాబాయ్ గారూ."

ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు. దొంగ అన్నా పడ్డాడు గానీ ఈ మాట ఆయనకు మింగుడు పడలేదు. జబ్బని ఒప్పుకుంటే కాగితం మారుతుంది, పెళ్లాం పోరు తీరుతుంది, ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. కానీ రెండో గరిటె వచ్చి తిన్న సంగతి ఏం కావాలి?

కాగితం మార్పు మీద విచారణ రోజు వరండాలో వకీలమ్మ ఒక కవరు చూపించింది. "స్టోరు బాబు దగ్గర్నుంచి జవాబొచ్చింది. ముందు మీరు వినాలి" అంది.

"వాడు రాసిందే కదా నన్నిక్కడికి తెచ్చింది. నాకొద్దమ్మా, మీ పని మీరు చూసుకోండి" అని ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆమె ఇంకోసారి అడిగింది. ఆయన లేచి వెళ్లి కుండీలోని మొక్క దగ్గర నిలబడ్డాడు. అక్కడ వినుంటే బాగుండేది.

గదిలో అద్దం పరిచిన బల్ల. వెనక ముగ్గురు. మధ్యలో పెద్దాఫీసరు, ఒక పక్క డాక్టరమ్మ, ఇంకో పక్క రాసుకునే గుమాస్తా. ఫ్యాను ఒక రెక్క కొట్టుకుంటోంది. ఆవిడ వెనక కుర్చీలో కూర్చుని చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

"అమ్ముకున్నానని సంతకం చేశారు. అబద్ధమా?" అన్నాడు పెద్దాఫీసరు.

"అబద్ధమేనండి."

"మరి ఎవరు తిన్నారు?"

అదే ప్రశ్న. పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి భార్య వైపు చూశాడు.

"ఒక్కడే తిన్నాడండి. తొమ్మిదో నంబరు. మూడు రోజులొచ్చాడు. మిగతావాళ్లు రాలేదు" అన్నాడు.

ఆవిడ వేళ్ల మీది కొంగు వదిలేసింది. గిన్నెల మూతలు ఎందుకెత్తేవాడో అప్పుడు తెలిసింది ఆవిడకు.

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. వకీలమ్మ లేచి, ఒక నిమిషం ఆయన వైపు చూసి, కవరు విప్పి చదివింది.

"అయ్యా, నేను మంచం పట్టాను, మా కోడలి చేత రాయిస్తున్నాను. ఆ పొద్దున తడి కట్టెలిచ్చింది నేనే. ఎండువి వెనక షెడ్డులో ఉన్నాయి, వానలో పోవడానికి బద్ధకించాను. వాళ్లు తినకుండా పోయారని తెలిశాక నాకు ముద్ద దిగలేదు. ఆ పదకొండు కంచాలు రోజూ చూడలేకపోయాను. ఒక్కటన్నా ఖాళీ అయితే వంటాయన మనసు కుదుటపడుతుందేమో అని, ఆయన పడుకున్నప్పుడు తొమ్మిదో నంబరు కంచంలోది తిన్నాను. మూడు రోజులు తిన్నాను. ఆయన కుదుటపడలేదు, సంబరపడ్డాడు. నాకు భయమేసింది. పిచ్చని రాస్తే గదిలో పెట్టి తాళం వేస్తారు, బియ్యం తేడా అని రాస్తే ఇంటికి పంపిస్తారు, ఇంటికి పోతే పెళ్లాం చూసుకుంటుంది అనుకున్నాను. ఆయన దొంగ కాదు. తిన్నది నేను."

వంటాయన బల్ల మీది అద్దాన్నే చూస్తున్నాడు.

"అయితే పదకొండు మందీ ఆకలితోనే పోయారా అండీ?" అన్నాడు.

గుమాస్తా కలం ఆగిపోయింది. ఇది రాయాలా వద్దా అన్నట్టు పెద్దాఫీసరు వైపు చూశాడు. ఆ పెద్దాఫీసరు మంచివాడే, కానీ ఆ ప్రశ్నకి జవాబు ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. "మీరు వెళ్లొచ్చు" అన్నాడు, మెల్లిగా.

ఆరు వారాలకు కొత్త కాగితం వచ్చింది. దుష్ప్రవర్తన పోయింది, అనారోగ్యం వచ్చింది, గౌరవప్రదంగా అన్న మాట కూడా పడింది. ఆవిడ గుమ్మంలో నిలబడి వీధికి వినబడేలా పైకి చదివింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంటే ఇంకోసారి చదివింది. ఆయన తలూపి, చెప్పులు విడిచి, లోపలికెళ్లి పడుకున్నాడు. అది సెలవు రోజు.

రెండయింది. ఆయన లేవలేదు. రెండుంపావయింది. ఆవిడ వెళ్లి చూస్తే కళ్లు తెరుచుకునే ఉన్నాయి, పైకప్పు చూస్తున్నాడు. ఈ రెండు గంటల లేవడం మానాలని ఆవిడ ఎంత కోరుకుందో లెక్కలేదు. తీరా మానితే ఆవిడ గుండెలో రాయి పడింది.

"లేవరా?" అంది.

"ఎవరున్నారని లేవాలి?"

ఆవిడ మంచం అంచున కూర్చుంది. కాలిన చేతి మీద మచ్చ ముడతలు పడి ఉంది. దాని మీద చెయ్యి వేసింది.

"ఆ తొమ్మిదో నంబరాయన ఎంత తినేవాడేంటి?"

ఆయన చప్పున తల తిప్పి చూశాడు. పంతొమ్మిదేళ్లలో ఈ మాట అడిగినవాళ్లు లేరు. "రెండు గరిటెలు. మూడోది కూడా అడిగేవాడు. నేనే పెట్టేవాణ్ని కాదు" అన్నాడు. అని, ఏడ్చాడు.

ఆయన ఏడుపు ఆగేదాకా కూర్చుని, ఆవిడ లేచి పక్కింటికి వెళ్లింది. ఒక కంచం కావాలని అడిగింది.

"ఎవరొచ్చారు, చుట్టాలా?" అంది పక్కింటామె కంచం తుడిచి ఇస్తూ.

"ఒకాయన వదినా. పొద్దున్నే ఏమీ తినకుండా బయల్దేరాడట."