తాడు విసిరే తుపాకీ

1957 జూన్‌లో నన్ను మలయాలోని పోర్ట్ స్వెట్టన్‌హామ్ రేవులో కస్టమ్స్ సోదా దళంలోకి మార్చారు. ఇప్పుడు పోర్ట్ క్లాంగ్ అంటున్నది దాన్నే. హోదా జూనియర్ ఆఫీసరు. దానికి కింద ఇంకో మెట్టు లేదు. ఉంటే అక్కడే నిలబెట్టేవారు. నా చదువు ఐదో తరగతితో ఆగింది. జపాన్ సైన్యం వచ్చి మా రబ్బరు ఎస్టేట్ తెలుగు బడి మూతపడిందని అందరికీ చెబుతుంటాను. నిజానికి వాళ్ళు రాకపోయినా ఆరో తరగతి నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

సోదా దళం పని ఇదీ. ఓడ లంగరు వేశాక ముందు డాక్టరు ఎక్కి చూస్తాడు. ఆయన సరేనన్నాకే పసుపు జెండా దిగుతుంది. అప్పుడు మా లాంచీ వెళ్ళి ఓడకు ఆనుతుంది. కెప్టెన్ మూడు పట్టికలు ఇస్తాడు: మనుషులవి, సామానువి, ఆయుధాలవి. ఆ కాగితాలు పట్టుకొని ఇంజను గది అడుగు నుంచి వంటవాడి బియ్యం డబ్బా దాకా వెతుకుతాం. సిగరెట్లు, నల్లమందు దొరకడం మామూలే. కాని అది ఎమర్జెన్సీ కాలం. అడవుల్లో కమ్యూనిస్టులతో తొమ్మిదేళ్ళుగా తుపాకులు పేలుతున్నా దాన్ని యుద్ధం అనకూడదు, ఎమర్జెన్సీ అనాలి. అందుకని మూడో పట్టికకే పెద్దపీట. చెప్పిన తుపాకీని బీరువాలో పెట్టి సీసం ముద్ర వేస్తాం. చెప్పని తుపాకీ దొరికితే మనిషి పోలీసుల చేతికి వెళతాడు. ఆ దారి చివర ఉరికొయ్య కూడా ఉండేది.

మా దళానికి పెద్ద అప్పన్న మావ. చుట్టం కాదు. ఇద్దరిదీ సుంగై సుమున్ ఎస్టేటే, అక్కడ మావ కానివాడు లేడు. పదహారో ఏట పడవలో తాడు పట్టి, లాంచీ సరంగు అయ్యి, అక్కడి నుంచి సీనియర్ ఆఫీసరు దాకా ఎక్కాడు. ఆయన అన్న ఎర్రన్నను యుద్ధంలో జపాన్ వాళ్ళు సయాం అడవుల్లో రైలు దారి వేసే పనికి తీసుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు. మావ ఈ మాట ఎన్నడూ ఎత్తలేదు. జపాన్ సరుకు ఓడలు మళ్ళీ మా రేవుకు రావడం మొదలయ్యాక, వాటి మీద ఆయన మంచినీళ్ళు కూడా ముట్టకపోవడం చూసి అడిగితే లాంచీ డ్రైవరు చెప్పాడు.

నేను చేరిన మూడో వారంలో రబ్బరు ఎక్కించుకోవడానికి ఒక జపాన్ ఓడ వచ్చింది. కెప్టెన్‌కు యాభై ఉంటాయి, సన్నగా, ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయుధాల పట్టికలో 'లేవు' అని రాసి ఇచ్చాడు.

మావ ఆ కాగితం నా ముందు ఆడించాడు. "ఏటిరా సూరీ, ఒక్కటీ లేదంట. నమ్మినావా?"

"నాకేటి తెలుసు మావా, ఐదో క్లాసోణ్ణి."

"అయితే ఎతుకు లా. బాగా ఎతుకు." మాట చివర ఆ 'లా' మలయాలో అందరి నోటా ఉండేదే.

వెతికాను. ఓడ నడిపే గదిలో, జెండాల అర వెనక, జపాన్ అక్షరాలున్న పొడవాటి పెట్టె. మూత తీస్తే లావుపాటి గొట్టం, భుజానికి ఆన్చుకునే కొయ్య మడమ, కింద మీట. "తుపాకీ!" అని అరిచాను. రోజూ నేను ఏమన్నా ఎవరూ నమ్మేవారు కాదు. ఆ రోజు అందరూ ఒకేసారి నమ్మారు. మాతో వచ్చిన మలాయి పోలీసు కార్పొరల్ చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి వెళ్ళింది. పద్ధతి ప్రకారం నేను నంబరు వేసిన ఫారంలో సిరాతో రాశాను: తుపాకీ ఒకటి, పట్టికలో చెప్పనిది. ఇక మావ సంతకం పడితే కెప్టెన్ కార్పొరల్ వెంట నడవాల్సిందే.

కెప్టెన్ రంగు మారింది. కాని గొంతు తగ్గించి, చక్కటి బజారు మలాయిలో, అది తుపాకీ కాదన్నాడు. మునిగే ఓడకు తాడు విసిరే సాధనమట. మందుగుండు బలంతో సన్నతాడు అవతలికి వెళితే, దాని వెనక మోకు లాక్కుని మనుషుల్ని దాటిస్తారట. సామాను పట్టికలో 'ప్రాణరక్షణ పెట్టె' అని రాసింది దీన్నేనన్నాడు. ఇంగ్లీషు ఓడల్లో ఆ పనికి రాకెట్ల డబ్బా ఉంటుందని నాకు తెలుసు. ఇలా భుజానికి ఆన్చేది నేను చూడలేదు, మావా చూడలేదు.

మావకు ఆ గొట్టం కంటే ఆ మలాయి మాటల మీద దృష్టి పడింది. ఎక్కడ నేర్చావని అడిగాడు. కెప్టెన్ నిటారుగా నిలబడి, దాచకుండా చెప్పాడు: యుద్ధంలో మూడేళ్ళు పినాంగ్‌లో, నౌకాదళం సరఫరా పడవ మీద. నేను పెన్నుకు మూత పెట్టాను, చేతికి వేరే పని దొరక్క.

అప్పుడు కెప్టెన్ వాళ్ళ రాజ్యాంగం సంగతి ఎత్తాడు. ఓడిపోయాక రాసుకున్న దాంట్లో ఒక నియమం ఉందట: దేశం యుద్ధాన్ని వదులుకుంటుంది, సైన్యం గాని, నౌకాదళం గాని, విమానదళం గాని ఉంచుకోదు. తను 'లేవు' అని రాసేటప్పుడు ఆ నియమమే మనసులో ఉంటుందన్నాడు.

మావ నవ్వాడు గాని అది నవ్వు కాదు. మీకు మళ్ళీ సైనికులు ఉన్నారని పేపర్లో చదివామే అన్నాడు. అవి ఆత్మరక్షణ దళాలు, దేశం దాటి యుద్ధానికి పోవు అని జవాబు. దానికి మావ నా వైపు తిరిగి తెలుగులో, "ఇన్నావురా? పులికి పిల్లి అని పేరెట్టి పాలు పోత్తన్నారు" అన్నాడు. తర్వాత మలాయిలో, మీరు మొదట వచ్చినప్పుడూ మమ్మల్ని రక్షించడానికే అన్నారు అన్నాడు.

కెప్టెన్ ఆ తగువు తన దేశంలోనూ నడుస్తోందని, దాన్ని తీర్చడం తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. ఈ గొట్టం ఏం చేస్తుందో మాత్రం చూపించగలనన్నాడు.

కార్పొరల్ రేడియోలో పైవాళ్ళను అడిగాడు. ఒడ్డు వైపు కాకుండా సముద్రం వైపుకు ఒక్క గుండు, మందుగుండు తన కళ్ళ ముందే నింపాలి అని అనుమతి వచ్చింది. మునిగే ఓడకు బదులుగా మావా నేనూ లాంచీలో ఆ వైపే వంద గజాల దూరం జరిగాం. గురి తప్పితే ఎలాగని అడిగాను. "నీ బుర్రకి తగిల్తే గుండుకే నట్టం లా" అన్నాడు మావ, ఓడ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఢామ్మని పేలింది. తల పైనుంచి ఒక ఇనుప కడ్డీ దూసుకుపోయి అవతల నీళ్ళలో పడింది. దాని వెనక తెల్లటి తాడు మెలికలు విప్పుకుంటూ వచ్చి లాంచీ మీద వాలింది, జారి నీళ్ళలోకి పోబోయింది. పడవవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది: అవతలి ఓడ విసిరిన తాడు ఎవరిదైనా నీళ్ళపాలు కానివ్వకూడదు. మావ ఒక్క అంగలో ముందుకు వెళ్ళి తాడు అందుకున్నాడు. లాంచీ ముందున్న తాడు కట్టే గుంజకు రెండు చుట్లు చుట్టి బిగించేశాడు. ఆ తర్వాత గాని తనేం చేశాడో ఆయనకు తెలిసినట్టు లేదు. చేతుల వైపు చూసుకున్నాడు, తాడు చివరనున్న ఓడ వైపు చూశాడు.

నా నోరు ఊరుకోదు. "ఏటి మావా, జపాన్‌ని కట్టేసినావా?"

ఆయన నవ్వలేదు. తిట్టనూ లేదు. "ఫారం తియ్" అన్నాడు.

నంబరు వేసిన ఫారం చింపడానికి వీల్లేదు. తప్పును ఒకే గీతతో కొట్టెయ్యాలి, కింది అక్షరాలు కనబడాలి, పక్కన కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ పని మావ నా చేతే చేయించాడు: 'వస్తువు ఏం చేస్తుందో చూడకుండా ఆకారం చూసి రాశాను.' కింద ఆయన 'ప్రాణరక్షణ సాధనం' అని రాసి సంతకం చేశాడు. ఆ ఒక్క వాక్యం వల్ల నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది. కెప్టెన్ వంగి నమస్కరించి టీ తెప్పించాడు. మావ ముట్టలేదు. నేను తాగాను, రెండు కప్పులూ.

ఒడ్డుకు వచ్చాక రేవు క్యాంటీన్‌లో కూర్చున్నాం. రేడియోలో రాబోయే మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, గురించే, కొత్త దేశానికి రాస్తున్న రాజ్యాంగం గురించే. ఆ బల్ల, ఆ డబ్బాపాల కాఫీ, ఎదురుగా మావ కూర్చునే తీరు ఇప్పటికీ తలచుకుంటాను.

"ఆడి మీద కోపం పోయినాదా మావా?"

"ఎందుకు పోతాదిరా?"

"మరి ఒగ్గేసినావు కదా."

"తుపాకీ కానిదాన్ని తుపాకీ అని రాత్తే ఎర్రన్న తిరిగొత్తాడేటి?" అని కాఫీ ఊదుకున్నాడు. "ఆళ్ళు రాసుకున్న మాట నిలబెట్టుకుంటారో లేదో ఆళ్ళ పిల్లలు సూసుకోవాల. మన పని ఆ పెట్టి వరకే."

మావ వాళ్ళను క్షమించాడని ఎవరైనా కథ అల్లితే నమ్మకండి. రిటైరయ్యే దాకా జపాన్ ఓడ మీద ఆయన నీళ్ళు తాగలేదు. వాటి పట్టికల్లో ఒక్క అక్షరం అన్యాయంగా రాయనూ లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండగలవని నాకు తెలిసింది అక్కడే. నేను మరో ఇరవై తొమ్మిదేళ్ళు సోదాలు చేశాను. పేరు తెలియని వస్తువు దొరికినప్పుడల్లా పెన్ను మూత తీసే ముందు, ఇది ఏం చేస్తుందో చూపించు అని అడిగాను.